ఊరికా, కరెంటు శ్మశానానికా, మెడికల్ కాలేజీకా: స్నేహితుడికి ఏది అప్పజెప్పడం మేలు?

బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళు, యాభై దాటినవాళ్ళు నలుగురు కూర్చుంటే మోకాళ్ళు, షుగరు, పిల్లల వీసాలు అయ్యాక ఈ మధ్య వస్తున్న మాట ఒకటుంది. "నాకేమన్నా అయితే నువ్వే చూసుకోవాలిరా." అవతలివాడు "అలాగేలే, ముందు కాఫీ తాగు" అంటాడు. మాట ఇచ్చేసినట్టే. కానీ ఏం చూసుకోవాలో ఇద్దరికీ తెలీదు. ఊరికి తీసుకెళ్ళమనా, ఇక్కడే కానిచ్చెయ్యమనా? కళ్ళు ఇమ్మనా, మొత్తం శరీరమే ఇమ్మనా? డల్లాస్ నుంచి కొడుకు వచ్చేదాకా ఆపమనా, వద్దనా?

వీటిని మనం పోయేవాడి ఇష్టాయిష్టాలుగానే మాట్లాడుకుంటాం. నాకు మాత్రం, మాట నిలబెట్టాల్సిన స్నేహితుడికి ఇందులో ఏది చేతనవుతుంది, ఏది కాదు అన్నదే ముఖ్యం అనిపిస్తుంది. ఆస్పత్రి దృష్టిలో స్నేహితుడు ఎవరూ కాడు. శవాన్ని భార్యకో భర్తకో, పిల్లలకో, తోడబుట్టినవాళ్ళకో అప్పగిస్తారు. ముప్పై ఏళ్ళ స్నేహం కంటే మూడేళ్ళుగా మాటల్లేని తమ్ముడి ఆధార్ కార్డుకే అక్కడ చెల్లుబాటు.

ముందు ఊరి సంగతి. మనసు లాగేది ఇటే. పాడె కట్టడం తెలిసినవాళ్ళు, మోసేవాళ్ళు, డప్పు, కర్మ చేయించే అయ్యవారు, అన్నీ ఒక్క కేకతో కుదురుతాయి. హిందూపురమైతే వంద కిలోమీటర్లు, అనంతపురం రెండు వందల పైచిలుకు, చిత్తూరు అంతకంటే కాస్త తక్కువ. పొద్దున బయల్దేరితే సాయంత్రం లోపల అంతా అయిపోతుంది. ఇలాంటి ఊళ్ళవాళ్ళు రెండో ఆలోచన పెట్టుకోనక్కర్లేదు, సొంతూరికే వెళ్ళొచ్చు. మాది శ్రీకాకుళం అంటే మాత్రం లెక్క మారుతుంది. వెయ్యి కిలోమీటర్లు దాటిన దారి, ఫ్రీజర్ ఉన్న అంబులెన్సు, మార్చి మార్చి నడిపే ఇద్దరు డ్రైవర్లు, వెనక కారులో ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన ఇల్లాలు. విమానమంటే శవం చెడకుండా మందు ఎక్కించినట్టు ఎంబామింగ్ సర్టిఫికెట్, పోలీసుల నిరభ్యంతర పత్రం, సీలు వేసిన పెట్టె. ఇవన్నీ తిరిగి తెచ్చేది ఎవరనుకున్నారు?

స్నేహితుడి వైపు నుంచి చూస్తే ఊరి దారిలో ఒక సుఖం ఉంది, ఒక చిక్కూ ఉంది. ఊరి పొలిమేర దాటగానే అతని బరువు దిగిపోతుంది, అన్నదమ్ముల పిల్లలు అందుకుంటారు. అక్కడ అతను చుట్టం కూడా కాడు, చూడ్డానికి వచ్చినవాడు. "హంగామా వద్దన్నాడండీ, పదకొండో రోజు భోజనాలకు అప్పు చెయ్యొద్దని మరీ మరీ చెప్పాడు" అని అక్కడ నోరు విప్పితే "మా ఇంటి పెద్దకర్మ గురించి మీరేంటండీ చెప్పేది" అంటారు. అనరంటారా?

ఇక బెంగళూరులోనే. విల్సన్ గార్డెన్, బనశంకరి, హెబ్బాళ, కల్పళ్ళి, పణత్తూరు, ఇలా నగరంలో చాలాచోట్ల విద్యుత్ చితాగారాలున్నాయి. మనవాళ్ళ నోట్లో అది కరెంటు శ్మశానం. కోవిడ్ ఉధృతంగా ఉన్న 2021 ఏప్రిల్, మే నెలల్లో వీటి ముందు అంబులెన్సులు వరుసలు కట్టాయి. ఊరు ఊరు అని పట్టుబట్టిన ఇళ్ళు కూడా అప్పుడు విధిలేక ఇక్కడే కానిచ్చాయి. ఆ తర్వాత ఆ పట్టు చాలామందిలో సడలింది. కట్టెలకైతే మూడు వందల కిలోల పైమాటే, చితి ఆరి అస్థికలు ఏరుకోవడానికి మర్నాటిదాకా ఆగాలి. కరెంటులో గంటా గంటన్నర, ఆ పూటే బూడిద కుండ చేతికిస్తారు. శ్రీరంగపట్నం దగ్గర పశ్చిమవాహినిలో కలపాలనుకుంటే మర్నాడు పొద్దున్నే బయల్దేరొచ్చు. కృష్ణలోనో గోదావరిలోనో అనుకుంటే తీరిగ్గా, పిల్లలంతా వచ్చాకే వెళ్ళొచ్చు. ఊరి మీద మమకారం ఉన్నవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. శరీరానికి తొందర ఉంటుంది కానీ అస్థికలకు ఉండదు.

కరెంటులో పెడితే కపాలమోక్షం ఎలా అని పెద్దవాళ్ళు అడుగుతారు. పురోహితులే దానికి తగ్గట్టు తంతు కుదించుకున్నారు, ఛాతీ మీద కర్పూరం వెలిగించి కొరివి అయిందనిపిస్తారు. నాకు కష్టమనిపించింది వేరే. మా మిత్రుడొకరు పోయినప్పుడు అపార్ట్‌మెంట్ లిఫ్టులో పాడె పట్టలేదు. సామాన్ల లిఫ్టులో స్ట్రెచర్ మీద దించి, పాడె కింద పార్కింగులో కట్టాం. దారిలో దింపుడు కళ్ళానికి ఆగే చోటేదీ? రింగు రోడ్డు మీద ఆపుతామా? చితాగారం గేటు లోపల, ఒక చెట్టు కింద దించాం. కొడుకు వంగి చెవిలో మూడుసార్లు పిలిచాడు. వెనక ఇంకో వ్యాను హారన్ కొడుతోంది. కొడుకు అటు కుండ మోస్తూ తిరుగుతుంటే కౌంటరు దగ్గర ఫారం నేను నింపాను. మృతుడితో సంబంధం అన్న గడిలో ఫ్రెండ్ అని రాశాను. గుమాస్తా దాన్ని చూసి, విసుక్కోకుండానే, "సంబంధికరు యారు?" అన్నాడు, బంధువులెవరని. అబ్బాయి వచ్చి సంతకం పెట్టేదాకా కాగితం కదల్లేదు. అది గుమాస్తా తప్పు కాదు. నేనే ఆ కుర్చీలో ఉన్నా అలాగే అడుగుతాను.

కాబట్టి కరెంటు శ్మశానం అనుకుంటే స్నేహితుడు చెయ్యగలిగింది చాలానే ఉంది, ఒక్క సంతకం తప్ప. అందుకే సంతకం పెట్టే మనిషి ఎవరో ముందే అనుకోవాలి. పిల్లలు విదేశాల్లో ఉంటే బెంగళూరులోనే ఉన్న మేనల్లుడో, మరదలో. డాక్టరిచ్చిన మరణ ధ్రువీకరణ, పోయినవాళ్ళ ఆధార్, సంతకం పెట్టేవాళ్ళ ఆధార్ ఒక కవర్లో ఉండాలి. దహనం రసీదు పారెయ్యొద్దు, ఇంట్లో పోయినవాళ్ళకు డెత్ సర్టిఫికెట్ తెచ్చుకునేటప్పుడు అడుగుతారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం నమోదుకు గడువు 21 రోజులు.

పూడ్చే ఆనవాయితీ ఉన్నవాళ్ళ లెక్క వేరు. ఈ నగరంలో జాగా కరువు. చర్చి తరఫునో, మసీదు తరఫునో, కులసంఘం తరఫునో స్థలం ఎక్కడుందో బతికుండగానే కనుక్కుని పెట్టుకోవడం తప్ప స్నేహితుడు అప్పటికప్పుడు చెయ్యగలిగిందేమీ ఉండదు.

మూడోది శరీరదానం. వినడానికి అన్నిటికంటే తేలిక. కట్టెల్లేవు, కరెంటు లేదు, కాలేజీ తీసుకుంటుంది, అయిపోయింది. మద్రాసులో పుట్టిన తెలుగువాడు, సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరు 12న ఢిల్లీ ఎయిమ్స్‌లో పోయినప్పుడు కుటుంబం ఆయన శరీరాన్ని బోధనకీ పరిశోధనకీ ఆ ఆస్పత్రికే ఇచ్చింది. అది చూసి మా స్నేహితుల బృందంలో ఇద్దరు "మేమూ ఇస్తాం" అన్నారు. మంచి మాటే. అయితే స్నేహితుడికి అన్నిటికంటే బరువైన పని ఇదే.

ఎందుకో చెప్తాను. కార్డు మీద సంతకం ఉన్నా, పోయాక ఇంట్లోవాళ్ళు వద్దంటే కాలేజీలు ముందుకు రావు. పోస్ట్‌మార్టం అయిన శరీరాన్ని మామూలుగా తీసుకోరు. కొన్ని అంటువ్యాధులున్నా తీసుకోరు. గంటల్లో చేర్చాలి. కొడుకు వచ్చి ముఖం చూడాలంటే ఆ గంటలు చాలవు. పైగా ఇంట్లో నిద్రలోనే పోయారనుకోండి, మరణాన్ని ధ్రువీకరించే డాక్టరు దొరక్క ఆస్పత్రికి తీసుకెళ్తే, అక్కడికి చేరేసరికే ప్రాణం లేదని రాస్తారు, ఆపైన పోలీసులు, పోస్ట్‌మార్టం దాకా పోవచ్చు. అప్పుడిక దానం సంగతి మర్చిపోవాల్సిందే. శరీరం ఏ దారిన పోవాలన్నా సరే, అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఇంటికొచ్చే డాక్టరు ఒకరిని వెతికిపెట్టుకోవడం అన్నిటికంటే ముందు పని.

ఇంట్లో మాట కలవకపోతే ఎంతదూరం పోతుందో కేరళలో చూశాం. సీపీఎం పెద్ద నాయకుడు ఎం.ఎం. లారెన్స్ 2024 సెప్టెంబరులో పోయారు. శరీరం మెడికల్ కాలేజీకని ఒక పక్షం, కాదు క్రైస్తవ పద్ధతిలో పూడ్చాలని కూతురు. హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2025 జనవరిలో గానీ తేలలేదు, దానమే నిలిచింది. ఆయన తన కోరికను ఇద్దరి ముందు చెప్పారన్న సాక్ష్యం అక్కడ పనికొచ్చింది. స్నేహితుడు సాక్షిగా బలమైనవాడే. కానీ అన్ని నెలలు మార్చురీలో ఉంచి గెలిచే గెలుపు ఎవరికి కావాలి? భార్యాపిల్లలు "సరే" అని స్నేహితుడి ఎదుట నోటితో అంటేనే శరీరదానం పెట్టుకోవాలి. వాళ్ళు నసిగితే వదిలెయ్యడం మేలు. కర్మ ఎలా అన్న బెంగ ఒక్కటే అడ్డమైతే, శరీరం లేనప్పుడు దర్భలతో ప్రతిమ చేసి జరిపించే పద్ధతి ఉందని అయ్యవారితోనే చెప్పించండి.

కళ్ళ దానం మాత్రం దేనికీ అడ్డు రాదు. ఊరికెళ్ళినా, కరెంటుకెళ్ళినా ఇవ్వొచ్చు. ఆరు గంటల లోపు ఐ బ్యాంకుకి ఫోన్ చేస్తే వాళ్ళే ఇంటికొస్తారు, అరగంట కూడా పట్టదు. ఈలోగా రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, తల కింద దిండు పెట్టాలి, ఫ్యాన్ ఆపాలి. శుక్లాల ఆపరేషన్ అయినా, షుగరున్నా ఇవ్వొచ్చు. 2021 అక్టోబరులో కన్నడ సినిమా హీరో పునీత్ రాజ్‌కుమార్ పోయాక ఆయన కార్నియాలను పొరలుగా విడదీసి నలుగురికి అమర్చారు. తండ్రి రాజ్‌కుమార్ కూడా 2006లో కళ్ళు ఇచ్చినవారే. బెంగళూరులో ఈ మాట ఎత్తితే ఎవరికీ వివరించక్కర్లేదు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నాక స్నేహితుడికి మిగిలేది ఒక్క ఫోన్ కాల్.

ఇదంతా ఎలా చెప్పిపెట్టాలి? వీలునామాలో రాశాను కదా అంటారు కొందరు. వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్నేహితుణ్ణి దాన్ని అమలు చేసే బాధ్యుడిగా కూడా పెట్టుకోవచ్చు. ఆస్తికి అది భేషుగ్గా పనిచేస్తుంది. అంత్యక్రియలకు పనికిరాదు, ఎందుకంటే ఆ కవరు బీరువాలోంచి బయటికొచ్చేసరికి దినాలు కూడా అయిపోతాయి. ఆఖరి రోజుల్లో వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది కూడా వేరే కాగితమే. 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకున్న ఆ పత్రానికి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి కావాలి. నోటిమాట ఒక్కటే ఉంటే? "నాతో అలా అనలేదే" అని చెల్లెలు ఒక్క మాట అంటే స్నేహితుడి నోరు పడిపోతుంది.

నేను మేలనేది ఒక్క పేజీ చీటీ. తెలుగులో, మీ చేతిరాతతో, తేదీ వేసి. ఎక్కడ, ఎలా, ఎవరు వచ్చేదాకా ఆగాలి, ఎవరు రాకపోయినా ఆగొద్దు. కొరివి కూతురు పెట్టాలనుంటే ఆ సంగతి ప్రత్యేకంగా రాయాలి, ఆ రోజున అభ్యంతరం చెప్పే బాబాయి ఒకాయన తప్పకుండా ఉంటాడు. కాపీ స్నేహితుడికి, కాపీ పిల్లలకు, ఒకే వాట్సాప్ గ్రూపులో, ఒకే రోజు. స్నేహితుడికి మాత్రమే తెలిసిన కోరిక ఆ రోజున అతని మీద అనుమానం తప్ప ఇంకేమీ తేదు.

డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త. బ్యాంకులో స్నేహితుణ్ణి నామినీగా పెట్టొచ్చు, 2025 నవంబరు నుంచి నలుగురిదాకా పెట్టుకునే వీలుంది. కానీ నామినీకి డబ్బు చేతికి రావాలంటే డెత్ సర్టిఫికెట్ కావాలి. అంబులెన్సువాడు అంతదాకా ఆగడు. ఆ రోజు ఖర్చుకు సరిపడా ముందే అతనికి పంపి, దేనికి పంపారో అదే గ్రూపులో రాయండి. లేకపోతే పెద్దకర్మ భోజనాల దగ్గర "ఆ డబ్బులు ఏమయ్యాయంటావ్" అన్న గుసగుస మొదలవుతుంది. తలకొరివి వేళ పక్కన నిలబడ్డవాడికి అంతకంటే అవమానం ఉండదు.

ఇంకొకటి, ఎవరూ అనుకోనిది: ఆ ప్రాణస్నేహితుడిదీ మీ వయసే, అతనికీ రెండు స్టెంట్లున్నాయి. చీటీలో రెండో పేరు పాతికేళ్ళు చిన్నవాళ్ళది ఉండాలి. మా బృందంలో ఒకాయన తన మేనకోడలి పేరు రాశాడు. ఆ పిల్ల చదివింది, ఏడవలేదు, కాదనలేదు. "మామయ్యా, ఇది కన్నడలో కూడా ఒక కాపీ రాయించు. కౌంటర్లో తెలుగు ఎవరు చదువుతారు?" అంది.