అనంతపురంలోని ఓ చిన్న డిజైన్ సంస్థ: మా గానుగ నూనె లేబుల్ అనుభవం

అనంతపురంలో కట్టె గానుగ నడుపుతున్న నేను, నూనె సీసాలకు కొత్త లేబుల్, దుకాణానికి బోర్డు చేయించాలని మొదట ఒక మహానగరంలోని పెద్ద ప్రకటనల సంస్థకు పని అప్పగించాను. మాట్లాడినవారు ఒకరు, పని చేసినవారు మరొకరు కావడంతో ప్రతి విషయమూ రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. చివరికి వచ్చిన నమూనాలో ‘స్వచ్ఛమైన’ అన్న మాటకు ఛ వత్తు బదులు చ వత్తు పడింది. సరిచేయమంటే, డిజైన్ విభాగంలో తెలుగు చదవగలవారు లేరన్నారు. అడ్వాన్సు వదులుకున్నాను.

తర్వాత కమలానగర్‌లో ముగ్గురు కలిసి నడుపుతున్న చిన్న సంస్థకు వెళ్లాను. ధర మాట్లాడక ముందే వారిలో ఒకరు మా గానుగ దగ్గర ఒక పూటంతా కూర్చుని, కొనేవారు ఏమని అడుగుతున్నారో రాసుకున్నారు. మా దగ్గర ‘వేరుశనగ నూనె’ అని అడిగేవారు అరుదు, అందరూ ‘శెనక్కాయ నూనె’ అంటారు. ఆ మాటనే పెద్ద అక్షరాల్లో పెట్టి, పుస్తకాల్లో వాడే ‘వేరుశనగ నూనె’ అన్న పేరును కింద చిన్నగా ఇచ్చారు.

అచ్చు నమూనాలు తెచ్చిన రోజున వేళ్లకు నూనె రాసుకుని ఆ నమూనాలను గట్టిగా రుద్ది చూశారు. కాగితం స్టిక్కరు మరకపట్టి అంచు లేచింది, ప్లాస్టిక్ స్టిక్కరు చెక్కుచెదరలేదు. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 14 అంకెల లైసెన్సు నంబరు, గరిష్ఠ చిల్లర ధర, ప్యాక్ చేసిన నెల ఎక్కడ రావాలో వారే చూసుకున్నారు. లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది కాబట్టి, పరిమాణం పక్కన బరువు కూడా వేయాలని గుర్తుచేశారు. రేపు వేరేచోట అచ్చు వేయించుకోవాలన్నా ఇబ్బంది లేకుండా మూల ఫైళ్లన్నీ అడగకుండానే ఇచ్చారు.

మొత్తం ఖర్చు 22,000 రూపాయలు, పెద్ద సంస్థ చెప్పిన దానిలో దాదాపు మూడో వంతు. అయినా, అంతకంటే నాకు విలువైనదిగా తోచింది, పని చేసే మనిషే నా ఎదుట కూర్చుని మాట్లాడటం.

లోపాలూ ఉన్నాయి. ముగ్గురే కావడంతో పని 12 రోజులు ఆలస్యమైంది, ఆ సంగతి ముందుగా ఫోన్ చేసి చెప్పలేదు. బోర్డుకు ఎంచుకున్న ముదురు గోధుమ రంగు పగలు బాగున్నా, రాత్రి వీధి దీపం కింద అక్షరాలు సరిగా కనబడటం లేదు.

నువ్వుల నూనె లేబుల్ కూడా వారికే ఇచ్చాను, ఈసారి గడువు మాత్రం కాగితం మీద రాయించుకున్నాను.