కొత్త పాటలా, పాత మెలోడీలా: మన ఊరి ఎఫ్‌ఎంకు ఏది గిట్టుబాటు?

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం ఛానెళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో కరీంనగర్, నిజామాబాద్, రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ ఉన్నాయి. హనుమకొండలో రేడియో ప్రకటనలు అమ్మిన మనిషినని తెలిసినవాళ్లు అప్పటి నుంచి ఒకటే ప్రశ్న వేస్తున్నారు: “అన్నా, కొత్త సినిమా పాటలు వేస్తే లాభమా, పాతవా, జానపదాలా?” లైసెన్సు, టవరు, స్టూడియో ఖర్చుల సంగతి వాళ్లకు నాకంటే బాగా తెలుసు. రోజంతా ఏం వినిపించాలన్న దగ్గరే ఆగిపోతున్నారు.

కొత్త పాటల వాదన బలమైనదే. హైదరాబాద్‌లో అదే నడుస్తోంది. సినిమా విడుదలకు ముందు నిర్మాతల ప్రకటనలు వస్తాయి, శీతల పానీయాల నుంచి ఫోన్ల దాకా పెద్ద కంపెనీలు కుర్రకారు కోసమే డబ్బు పెడతాయి. అయితే ఆ కుర్రకారు కొత్త పాటను మనకంటే ముందే ఫోనులో వినేస్తున్నారు. పైగా చాలా ఫోన్లలో ఎఫ్‌ఎం పనిచేయడమే లేదు. ఆ సదుపాయాన్ని ఆపేయవద్దని 2023లో కేంద్ర ఐటీ శాఖ తయారీదారులకు సూచించాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. రేడియో ఇప్పుడు ప్రధానంగా కారులో, ఆటోలో, దుకాణంలో, వంటింట్లో మోగుతోంది.

నా దృష్టిలో అసలు తేడా మరోచోట ఉంది. శ్రోతలను లెక్కగట్టే రేటింగులు ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరు వంటి మహానగరాల కోసం పుట్టినవి. అక్కడ ఏజెన్సీవాళ్లు అంకెలు చూసి ప్రకటనలు కొంటారు. వరంగల్‌లో ఆ అంకెలు లేవు. ఇక్కడ సర్వే అంటే గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానే. స్టేషన్ రోడ్డులో బట్టల దుకాణం, హనుమకొండ చౌరస్తాలో నగల దుకాణం, ఓ ప్రైవేటు ఆసుపత్రి, ఓ జూనియర్ కళాశాల: మన ఆదాయం వీళ్ల నుంచే. ప్రకటన గడువు ముగిశాక వెళ్తే దుకాణం యజమాని అడిగేది ఒకటే: “మా యాడ్ వేశారా అసలు? నాకు వినపడలేదే!” వేళలతో సహా ప్రసార పట్టిక చూపించినా నమ్మడు. అదే “మా బావమరిది కారులో విన్నాడట” అన్నాడంటే మరో నెలకు చెక్కు రాస్తాడు.

ఆయనకు నలభై అయిదు దాటి ఉంటాయి. ఉదయం పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా దుకాణంలోనే. కొత్త పాటల హోరు పెడితే బేరం మాట వినపడదని రేడియో కట్టేస్తాడు. ఎనభైల నుంచి రెండువేల తొలినాళ్ల వరకు వచ్చిన మెలోడీలు పెడితే రోజంతా మోగనిస్తాడు, తన ప్రకటన తనే వింటాడు. పట్టుచీర, బంగారం, పిల్లల కాలేజీ వంటివి తేల్చే గృహిణులూ మధ్యాహ్నం వినేది ఆ పాటలే. ఆషాఢం తగ్గింపులు, శ్రావణం పెళ్లిళ్లు, బతుకమ్మ చీరలు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకున్న రైతు కుటుంబం చేసే కొనుగోళ్లు: ఏడాది పొడవునా డబ్బు ఖర్చుపెట్టే చేతులు ఈ వయసువాళ్లవే. అందుకే పగటిపూటకు నా ఓటు పాత మెలోడీలకు.

లోపాలు లేవని కాదు. పాత పాటల ఖజానా వరంగల్ ఆకాశవాణికి మనకంటే ఎంతో పెద్దది, లాభం చూపాల్సిన ఒత్తిడి దానికి లేదు. పాటతోనే దాన్ని గెలవలేం. అవే పాటలు తిప్పితిప్పి వేస్తే వింటున్నామన్న స్పృహ కూడా పోతుంది.

అక్కడే మాటలు కావాలి. ప్రైవేటు ఎఫ్‌ఎం సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణి బులెటిన్‌నే మార్చకుండా వేసుకోవాలి. కానీ ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, ప్రవేశాలు, ఉద్యోగాలు, కరెంటు, నీటి సరఫరా ప్రకటనలు వార్తల కిందికి రావు. మన ఊరికి కావలసినవీ అవే కదా! 2020 ఆగస్టులో, 2023 జులైలో నగరంలోని కాలనీలు నీట మునిగినప్పుడు ఏ దారి మూసుకుపోయిందో క్షణక్షణం చెప్పే గొంతును జనం మరిచిపోరు. రెండేళ్లకోసారి నాలుగు రోజుల మేడారం జాతరకు వాహనాల మళ్లింపు చెప్పే కార్యక్రమానికి స్పాన్సరు దొరకకపోవడం ఉండదు. ఖర్చు లెక్కలోనూ మాటకు విలువ ఉంది. 2010లో కాపీరైట్ బోర్డు పాటల హక్కుదారులకు స్టేషన్ కట్టాల్సిన రాయల్టీని నికర ప్రకటన ఆదాయంలో 2 శాతంగా పెట్టింది. 2020 చివర్లో మేధోసంపత్తి అప్పీళ్ల బోర్డు దాన్ని పాట మోగిన గంటల లెక్కకు మార్చింది. గంటల లెక్క ఉన్నచోట ప్రకటన లేకుండా మోగే ప్రతి పాటా ఖర్చే. కాకపోతే మాటకు మనిషి కావాలి, అతను ఊరు తిరగాలి, ఆ జీతం తప్పదు.

జానపదం నాకు ప్రాణం, అయినా రోజంతా వద్దంటాను. బాణీ తాతలనాటిదైనా రికార్డింగు ఎవరో ఒకరిది. యూట్యూబ్ ఛానెల్ యజమాని, రాసినవారు, పాడినవారు ముగ్గురూ హక్కుదారులమంటారు, కాగితం ఎవరి దగ్గరా ఉండదు. సాయంత్రం గంటసేపు, బతుకమ్మ తొమ్మిది రోజులు, జాతర వారం చాలు. నర్సంపేట, ములుగు వైపు ట్రాక్టరు, విత్తనాల డీలర్లు ఆ గంటను సంతోషంగా కొంటారు.

హైదరాబాద్ కార్యక్రమాన్నే ఇక్కడ రిలే చేయడం అన్నిటికంటే చవక, ప్రైవేటు ఎఫ్‌ఎంలకు కేంద్రం పెట్టిన మూడో దశ విధానం అందుకు అనుమతిస్తుంది కూడా. మాదాపూర్ ట్రాఫిక్ కష్టాలు విని కాజీపేట వ్యాపారి ప్రకటన ఇస్తాడనుకుంటే మీ ఇష్టం. భక్తి పాటలు తెల్లవారుజామున రెండు గంటలు, అంతే. హిందీ, ఇంగ్లిషు పాటలకు నిట్ విద్యార్థులున్నారంటారు, సెలవులిస్తే వాళ్లూ ఉండరు. కమ్యూనిటీ రేడియో లాభం కోసం పెట్టేది కాదు కనుక దాని ఊసు ఇక్కడ అక్కర్లేదు.

కరీంనగర్‌కు, నిజామాబాద్‌కు ఇదే సలహా. రామగుండానికి మాత్రం యథాతథంగా పనికిరాదు. అక్కడ సింగరేణి, ఎన్టీపీసీ షిఫ్టులను బట్టి ఊరు నిద్ర లేస్తుంది, దసరా ముందు సింగరేణి లాభాల వాటా చేతికందితే బజారు కదులుతుంది. ఆ బజారులో దుకాణాలవాళ్లు ఏ వేళ రేడియో పెడుతున్నారో నాలుగు వీధులు తిరిగి చూశాకే అక్కడ వేలంలో చేయి ఎత్తండి.