మోషీలో నన్ను ‘బాబు’ అన్నారు

అరవై రెండేళ్ల వాణ్ని పట్టుకుని పిల్లలంతా ‘షికామో బాబు’ అంటుంటే మొదటిరోజు నవ్వు ఆగలేదు. అక్కడి స్వాహిలి భాషలో బాబు అంటే తాత. షికామో పెద్దలకు పెట్టే నమస్కారం. ‘మరహబా’ అని బదులివ్వాలి.

మోషీ టాంజానియాలో కిలిమంజారో కింద ఉన్న పట్టణం, విమానాశ్రయానికి సుమారు 40 కిలోమీటర్లు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక, జులైలో మూడు వారాలు అక్కడి పిల్లల ఆశ్రమంలో పనిచేశాను. అప్పుడక్కడ చలికాలం, స్వెట్టరు తప్పదు. 5,895 మీటర్ల కొండ పొద్దున, సాయంత్రం కనికరిస్తుంది. మిగతా వేళంతా మబ్బుల చాటునే.

నన్ను పంపిన సంస్థ ఇచ్చిన హాస్టల్ దండగ: అంతస్తుల మంచాలు, చన్నీళ్లు, పెద్ద బిల్లు. వారానికే పట్టణంలోని చిన్న గెస్ట్‌హౌస్‌కు మారాను. ఖర్చు సగం. అక్కడ కరెంటుకు ముందే డబ్బు కట్టాలి. యూనిట్లు అయిపోతే చీకటే. ఇంటావిడ ఫోనులోనే కొనేసి, ఏమీ జరగనట్టు టీ పోసేది. అక్కడి నుంచి ఆశ్రమానికి దాలాదాలా అనే వ్యాన్లలో వెళ్లేవాణ్ని. మన షేర్ ఆటోలు వీటి ముందు విశాలమైన భవనాలు.

‘రెండు గంటలకు రండి’ అన్నారు కదా అని ఒకరోజు మధ్యాహ్నం వెళ్లాను. వాళ్ల లెక్క సూర్యోదయం నుంచి మొదలవుతుంది, సా మ్బిలి అంటే మన ఎనిమిది! లెక్కల మాస్టారి పరువు పోయింది.

తిండికి ఇబ్బంది పడలేదు. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి మన సంకటికి చుట్టమే. పక్కన చిక్కుడు గింజల కూర, మ్చిచా. మ్చిచా అంటే తోటకూర! ఉగాలి ముద్దకు బొటనవేలితో గుంట చేసి కూర తోడుకోవడం ఒక కుర్రవాడే నేర్పాడు.

వెళ్లేది ఆటలాడించడానికని అనుకున్నాను. నిజంగా పనికొచ్చింది బకెట్లలో బట్టలు ఉతకడం, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో యూనిఫారాలు చక్కబెట్టడం, సరుకుల ఖాతా సరిచేయడం. ఆ పిల్లల్లో చాలామందికి తల్లో, అమ్మమ్మో ఉన్నారు. చదివించలేక ఇక్కడ వదిలారు. ఇలాంటి ఆశ్రమాల్లో స్వచ్ఛంద సేవ పేరుతో సాగే యాత్రలపై 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆందోళన తెలిపింది. నేను అది చదివింది తిరిగొచ్చాకే. నేను కట్టిన రుసుములో మీకెంత చేరిందని అడిగితే అక్కడి ‘మామా’ (అంటే అమ్మ, ఆశ్రమం చూసుకునే ఆవిడ) నవ్వి ఊరుకుంది. పర్యాటక వీసా చాలని అదే సంస్థ చెప్పింది. సేవ చేయడానికి వేరే అనుమతి ఉండాలని దిగాక తెలిసింది. వెళ్లేవారు ఈ రెండూ ముందే తేల్చుకోండి.

ఉగాలి నేర్పిన కుర్రవాడు మూడు వారాలూ నా చేయి వదల్లేదు. చివరి రోజు సంచి సర్దుకుంటుంటే మాత్రం నా దగ్గరకు రాలేదు. ఆ ఉదయమే దిగిన ఇద్దరు అమ్మాయిల చేతులు పట్టుకుని, కొళాయి ఎక్కడుందో చూపించడానికి తీసుకెళుతున్నాడు.