నాలుగు మామిడి సీజన్లు స్ప్రింగ్ ట్రాన్సాక్షన్లతో

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా, రైతుల చెల్లింపుల సాఫ్ట్‌వేర్ నేనే చూస్తాను. తోతాపురి దిగే రోజుల్లో తెల్లవార్లూ ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరుతాయి. ఖాళీ బండి రెండోసారి కాటా ఎక్కగానే నికర బరువు, రేటు, రైతు ఖాతాలో జమ అన్నీ కలిసి పడాలి. లేదంటే ఒక్కటీ పడకూడదు.

జావా ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్‌లో దానికి మెథడ్ (కోడ్‌లో ఒక పని చేసే భాగం) మీద ట్రాన్సాక్షనల్ అని రాస్తే చాలు. అన్నీ సరిగ్గా పడితే ఖాయం చేయడం (కమిట్), లేదంటే అంతా వెనక్కి తీయడం (రోల్‌బ్యాక్) అదే చూసుకుంటుంది. మా పాత కోడ్‌లో సగం ఈ పనికే పోయేది.

మొదటి సీజన్లోనే దెబ్బ తిన్నాం. చీటీ ఫైలు రాయలేక ఐఓ ఎక్సెప్షన్ వచ్చింది, అయినా జమ పడిపోయింది. మామూలుగా రన్‌టైమ్ ఎక్సెప్షన్, ఎర్రర్ వస్తేనే రోల్‌బ్యాక్. ఐఓ ఎక్సెప్షన్‌లాంటి చెక్డ్ ఎక్సెప్షన్ (కోడ్‌లో ముందే పట్టుకోమనో, ప్రకటించమనో జావా పట్టుబట్టే లోపం) వస్తే కమిటే. డాక్యుమెంట్లలో స్పష్టంగానే ఉంది, మేం చదవలేదు. అప్పట్లో ఈ లోపాలకీ వెనక్కి తీయమని ప్రతిచోటా రోల్‌బ్యాక్ ఫర్ రాశాం. స్ప్రింగ్ 6.2 నుంచి మొత్తం అప్లికేషన్‌కి ఒకేసారి చెప్పేయొచ్చు.

అంతకంటే ఎక్కువ ఏడిపించింది లాగింగ్. "ఈ బండి ఎందుకు ఆగింది" అన్న వివరం డేటాబేస్ టేబుల్లో రాసేవాళ్ళం. రోల్‌బ్యాక్ అయితే జమతోపాటు ఆ వివరమూ మాయం! కావలసిందే అది కదా. రిక్వైర్స్ న్యూ పెట్టి లాగ్‌ని వేరే ట్రాన్సాక్షన్లో వేశాం. రద్దీ రాత్రి మొత్తం బిగుసుకుపోయింది. డేటాబేస్ కనెక్షన్లను సిద్ధంగా ఉంచే హికారీ పూల్‌లో డిఫాల్టుగా ఉండేవి 10 కనెక్షన్లు. పది రిక్వెస్టులూ తలా ఒకటి పట్టుకుని, లాగ్ కోసం రెండోదానికి ఎదురుచూస్తూ 30 సెకన్ల తర్వాత పడిపోయాయి.

చివరికి లాగింగ్ ఆస్పెక్ట్‌కి (మెథడ్ చుట్టూ నడిచే అదనపు కోడ్) వరస నంబర్, అంటే ఆర్డర్, ఇచ్చి ట్రాన్సాక్షన్ బయటికి తెచ్చాం. లోపల రోల్‌బ్యాక్ పూర్తయి కనెక్షన్ తిరిగి పూల్‌లో చేరాకే లాగ్ పడుతుంది. ప్రతి లాగ్ లైనుకీ వివరాలు జతచేసే ఎండీసీలో బండి టోకెన్ నంబర్ పెట్టడంతో ఫైలు లాగుల్లోనూ బండి కథంతా వరసగా దొరుకుతుంది. పోయిన సీజన్లో ఒక పెద్దాయన తెల్లారుజామున వచ్చి, "నా బండి ఎందుకు ఆపినారు నాయనా?" అని అడిగితే నిమిషంలో చూపించగలిగాను.

ఈ పనికి ఇప్పటికీ స్ప్రింగే వాడమంటాను. ఒకే క్లాసులో ఒక మెథడ్ ఇంకోదాన్ని పిలిస్తే మాత్రం ఆ పిలుపు ప్రాక్సీని (ట్రాన్సాక్షన్ నడిపేందుకు స్ప్రింగ్ క్లాసు చుట్టూ వేసే తొడుగు) తప్పించుకుపోతుంది, రెండో మెథడ్ మీద రాసిన ట్రాన్సాక్షనల్ అస్సలు పనిచేయదు. మా కొత్త పిల్లలు ప్రతి ఏడూ ఇక్కడే పడతారు. రోల్‌బ్యాక్‌కి టెస్టు రాసేటప్పుడు టెస్టు మీద కూడా ట్రాన్సాక్షనల్ పెట్టకండి, అది తనే అంతా వెనక్కి తీసేసి తప్పును దాచేస్తుంది.