విజయవాడలో ఆడవాళ్ళ డీఅడిక్షన్ సెంటర్ – మా అక్కని చేర్పించాం, రేటింగ్ 3.5/5

ముందే చెప్తున్నా, సెంటర్ పేరు రాయట్లేదు. సూర్యారావుపేట హాస్పిటళ్ళ సందుల్లో ఉంటది, అంతవరకే. పేరు పెడితే ఇందులో బాలేని వాటి గురించి ఫ్రీగా రాయలేను, పైగా గుంటూర్లో మా చుట్టాల్లో సగం మందికి ఇది ఎవరి గొడవో తెలిసిపోద్ది. అక్కకి చూపించే పెడుతున్నా, రెండు లైన్లు తీసెయ్యమంది, తీసేశా. ఇలాంటి సెంటర్ల రివ్యూలు నెట్‌లో చూడండి, "ట్రీట్‌మెంట్ బాగుంది, ఫుడ్ బాగుంది, మావాడు మారిపోయాడు" అని ఉంటాయి, అన్నీ మావాడే, మా అమ్మాయి అని రాసినవాళ్ళు ఒక్కళ్ళు కూడా నాకు కనపడలా. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

అక్కకి రెండు అలవాట్లు. నిద్రమాత్రలు, అంటే ఆల్ప్రజోలం, పెళ్ళికి ముందు నుంచే. మందు తర్వాతెప్పుడో మొదలైంది. మొదట్లో బావ బాటిల్లోంచి కొంచెం వంపుకుని అంతే నీళ్ళు కలిపి పెట్టేసేదంట, తర్వాత్తర్వాత అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి డబ్బులిచ్చి క్వార్టర్లు తెప్పించుకోవడం, స్టీలు గ్లాసులో పోసుకుని తాగడం, యాలకులు నమిలి పిల్లల్ని హోంవర్క్‌కి కూర్చోపెట్టడం. స్కూల్లో టీచరుగా ఉద్యోగం, ఒక్కరోజు లేట్‌గా వెళ్ళలా. అంత పద్ధతిగా నడిపింది కాబట్టే ఇన్నేళ్ళు ఎవరికీ తెలీలేదు. తెలిశాక ఇంట్లో అయిన రచ్చ వేరే చెప్పక్కర్లేదు. బావ రోజూ తాగుతాడు, ఆయన్ని ఎవరూ పేషెంట్ అనలా, అలసిపోయి వస్తాడు పాపం అంటారు, అక్క దగ్గర సీసా దొరికేసరికి మాత్రం వంశం పరువు మొత్తం గుర్తొచ్చేసింది అందరికీ.

మన దగ్గర ఆడవాళ్ళు, మందు అనగానే దూబగుంట గుర్తొస్తది, 1992లో నెల్లూరు జిల్లాలో సారా కొట్లు మూయించిన ఆడవాళ్ళు, అది 1995లో మద్యనిషేధం దాకా వెళ్ళింది. గర్వపడాల్సిన కథే. కానీ ఆడది అంటే తాగుడు వల్ల ఏడ్చేదే గానీ తాగేది కాదు అని కూడా మన బుర్రల్లో ఫిక్సయిపోయింది అనిపిస్తది నాకు. లెక్కల్లో తక్కువే, కాదనను, కేంద్రం ఎయిమ్స్ వాళ్ళతో చేయించి 2019లో బయటపెట్టిన సర్వేలో మగవాళ్ళలో 27.3 శాతం తాగుతుంటే ఆడవాళ్ళలో 1.6 శాతం. అదే సర్వేలో ఇంకో మాట ఉంది, మందుకి బానిసైన 38 మందిలో ఒక్కళ్ళకే ఏదో ఒక ట్రీట్‌మెంట్ అందుతోందంట. ఆ ఒక్కళ్ళు ఆడమనిషి అయ్యే ఛాన్స్ ఎంతో మీరే అనుకోండి.

మొదట వేరే చోటికి తీసుకెళ్ళాం, దాని గురించి ఎక్కువ రాయను. ఆడవాళ్ళకి సెపరేట్ రూమ్ ఉంది అన్నారు, వెళ్ళి చూస్తే మందుల డబ్బాలు పెట్టుకునే గదిలో మంచం వేశారు. నెల రోజులు ఫోన్ లేదు, చూడ్డానికి రావద్దు, పొద్దున్నే భజన, తర్వాత విల్ పవర్ మీద క్లాసు. ఆల్ప్రజోలం ఉన్నపళంగా ఆపేశారు. అలా ఆపకూడదు, ఏళ్ళ తరబడి వేసుకున్న మనిషికి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదకి కూడా రావచ్చు. అక్కకి ఫిట్స్ వచ్చాయి కూడా. అక్కణ్ణుంచి ఎమర్జెన్సీకి, ఆ ఎమర్జెన్సీలో ఒక పెద్దాయన చెప్తే ఈ సెంటర్‌కి.

ఇక్కడ నాకు నచ్చింది మొదటి రోజే. నేను అనుకున్నది ఏంటంటే, ఎప్పుడు మొదలెట్టావు, ఎంత తాగుతావు, ఎందుకు మానలేకపోతున్నావు, ఇవి అడుగుతారు అని. కౌన్సిలర్ మేడమ్ (నడివయసు ఆవిడ, మాట మన గుంటూరు సైడే) అక్కని కూర్చోబెట్టి "మొట్టమొదట నిద్ర పట్టకపోవడం ఎప్పటి నుంచమ్మా?" అని అడిగింది. మందు మాటే ఎత్తలా. ఒక తెల్ల కాయితం మీద అడ్డంగా గీత గీసి, ఈ చివర పుట్టినప్పుడు, ఆ చివర ఇప్పుడు, నీకు గుర్తున్నవి ఎక్కడెక్కడో చుక్కలు పెట్టు, ఏం రాయక్కర్లేదు అంది. అక్క మందు దగ్గర ఒక చుక్క పెట్టింది, మాత్రల దగ్గర ఒకటి, పెళ్ళి దగ్గర ఒకటి. తర్వాత పెన్ను వెనక్కి వెనక్కి తీసుకొచ్చి తొమ్మిదేళ్ళ దగ్గర ఆపి, చుక్క పెట్టకుండా అక్కడే నొక్కి పట్టుకుంది, ఇంకు కాయితం మీద ఊరుతోంది. ఆ వయసులో మా అక్క చదువు కోసం చుట్టాలింట్లో ఉండేది. మేడమ్ అన్నది ఒక్కటే, "ఎవరు, ఏంటి అని ఇప్పుడు చెప్పక్కర్లేదమ్మా, ఎప్పుడు అని తెలిసింది కదా, చాలు. ముందు నీకు నిద్ర, తిండి సెట్ చేద్దాం." నన్ను బయటికి వెళ్ళమని కూడా అప్పుడే చెప్పింది, అదీ కరెక్టే.

తర్వాత తెలిసింది ఏంటంటే అలా తొందరపెట్టకపోవడం కూడా ట్రీట్‌మెంట్‌లో భాగమేనంట. మందు ఆపిన మొదటి రోజుల్లో మనిషి అసలే పచ్చిగా ఉంటారు, అప్పుడు పాతవన్నీ తవ్వితే మళ్ళీ సీసా దగ్గరికే పరిగెడతారు. ముందు ఒళ్ళు కుదుటపడాలి, భయం వచ్చినప్పుడు ఏం చేయాలో నేర్పాలి, ఆ తర్వాతే ఆ విషయం, అది కూడా తను రెడీ అంటేనే.

డాక్టర్ గారు (మగాయన, మాటలు తక్కువ, టైముకి వస్తారు) ఆల్ప్రజోలం బదులు ఒంట్లో ఎక్కువసేపు ఉండే మాత్రకి మార్చి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. తాగుడుకి విటమిన్ బి1 ఇంజెక్షన్లు. నన్ను పిలిచి ఆడవాళ్ళ ఒంట్లో నీటి పాళ్ళు తక్కువ, కడుపులో మందుని విరగ్గొట్టే ఎంజైమ్ కూడా తక్కువ, అందుకే మగవాళ్ళకంటే లేటుగా మొదలుపెట్టినా తొందరగా బానిసలవుతారు, లివర్ కూడా ముందే పాడవుతుంది అని చెప్పారు. ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ ఉంటేనే ఇవ్వాలి, ఇచ్చిన షాపు వాళ్ళు రిజిస్టర్‌లో డాక్టర్ పేరు, పేషెంట్ పేరు రాసి మూడేళ్ళు దాచాలి. మా అక్కకి స్ట్రిప్పులకి స్ట్రిప్పులు ఏ చీటీ లేకుండానే ఇచ్చారు, అడిగితే "రెగ్యులర్ కస్టమర్ అండీ" అంట.

ఫ్యామిలీ క్లాసుల గురించి చెప్పాలి, ఎందుకంటే మా బావ మారింది (కొంచెమే లెండి) అక్కడే. మేడమ్ అక్కడ ఒక పాత స్టడీ గురించి చెప్పింది. 1985లో అమెరికాలో శాన్ డియేగోలో ఫెలిట్టి అనే డాక్టర్ బరువు తగ్గించే క్లినిక్ నడిపేవాడంట, బాగా తగ్గుతున్న వాళ్ళే సగంలో మానేసి వెళ్ళిపోతున్నారు, ఎందుకో అర్థంకాక ఒక్కొక్కళ్ళని కూర్చోబెట్టి అడిగితే చాలామందికి చిన్నప్పుడు లైంగిక వేధింపులు జరిగాయని బయటపడింది. ఆయనకి సమస్య అనిపించిన ఆ బరువే వాళ్ళకి రక్షణ అన్నమాట. తర్వాత ఆయనా, ఆండా అనే ఇంకో డాక్టరూ కలిసి 17 వేల మంది పైచిలుకుని చిన్నతనం గురించి అడిగారు, కొట్టడం, వేధింపులు, పట్టించుకోకపోవడం, ఇంట్లో తాగుబోతు ఉండటం, అమ్మని కొడుతుంటే చూడటం ఇలాంటివి. 1998లో మొదటి రిపోర్ట్ వచ్చింది. వీటిల్లో నాలుగు రకాలో అంతకంటే ఎక్కువో చూసినవాళ్ళకి, ఏమీ చూడని వాళ్ళతో పోలిస్తే తాగుడు, డ్రగ్స్, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ఇవన్నీ 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. అలాగని చిన్నప్పుడు దెబ్బతిన్న ప్రతి ఆడపిల్లా తాగుతుందని కాదు, చాలామంది తాగరు, ఇంట్లో ఒక్క మనిషి నమ్మినా చాలా తేడా ఉంటదని మేడమ్ గట్టిగా చెప్పింది.

బావ ఊరుకోలా. "అవన్నీ అమెరికా గోల మేడమ్, మన ఇళ్ళల్లో ఇలాంటివి ఎక్కడుంటాయి" అన్నాడు. ఆవిడ కోప్పడలేదు. "మన కేంద్ర ప్రభుత్వమే చేయించిన సర్వే 2007లో వచ్చిందండీ, 13 రాష్ట్రాలు, మన ఆంధ్రా కూడా అందులో ఉంది, 12,447 మంది పిల్లల్ని అడిగితే 53 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు జరిగిందన్నారు, చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్ళూ, వాళ్ళు నమ్మినవాళ్ళే" అని చెప్పి, క్లాసులో ఎంతమంది ఉన్నారో ఒకసారి అందరి వైపు చూసి ఊరుకుంది. బావ ఆ తర్వాత మాట్లాడలా.

అక్క నాతో తర్వాత ఒకసారి అంది, మాత్ర వేసుకున్న రాత్రి తలుపు గడియ వైపు చూడక్కర్లేదే, అందుకే వేసుకునేదాన్ని అని. మందు కూడా అదే పనికి. చిన్నప్పుడు ఏళ్ళ తరబడి భయంలో పెరిగిన పిల్లకి ఒంట్లో ఆ అలర్ట్ ఆగదంట, స్ట్రెస్ హార్మోన్ల సెట్టింగే మారిపోద్దంట, ఇల్లు మారినా పెళ్ళయినా పిల్లలు పుట్టినా అది మాత్రం నడుస్తూనే ఉంటది. ఇలా పాత భయం వదలకుండా వెంటాడే జబ్బుని పీటీఎస్‌డీ అంటారు, ఆడవాళ్ళలో మగవాళ్ళకంటే ఇంచుమించు రెండింతలు. ఇది తెలీకుండా సీసా ఒక్కటీ లాక్కుంటే ఆ మనిషి రాత్రిపూట ఏం చేయాలి? మొదటి చోట ఆ ప్రశ్న ఎవరికీ రాలా, ఇక్కడ అక్కణ్ణుంచే మొదలుపెట్టారు, నా 3.5లో మూడు స్టార్లు దానికే.

ఇక పోయిన స్టార్ల సంగతి. లోపల మేడమ్ ఎంత జాగ్రత్తగా ఉంటదో బయట రిసెప్షన్ అంత మొద్దు. చిన్నతనం గురించి ప్రశ్నల ఫారం ఒకటి ఉంటది, అట్ట పెట్టి హాల్లోనే ఇచ్చారు, పక్కన మగ పేషెంట్ల అటెండర్లు, ఎదురుగా టీవీలో సీరియల్ ఫుల్ సౌండు, "త్వరగా ఫిల్ చేయండమ్మా" అని పైనుంచి అరుపు. మిమ్మల్ని ఎవరైనా అక్కడా ఇక్కడా తాకారా అనే ప్రశ్నకి హాల్లో కూర్చుని టిక్కు పెట్టాలా? అక్క అన్నిటికీ "లేదు" పెట్టి ఇచ్చేసింది.

దీనికంటే పెద్దది ఇంకోటి. అడ్మిషన్‌లో దగ్గరి బంధువుల నంబర్లు అడిగితే బావ ఇంటి పెద్ద కదా అని ఒక మావయ్య నంబరు రాశాడు. అప్పటికి ఆ మావయ్య సంగతి బావకీ తెలీదు, ఎవరికీ తెలీదు. కానీ మేడమ్‌కి తెలిశాక ఆ సంగతి ముందు డెస్క్ దాకా రాలేదు, వాళ్ళు ఫ్యామిలీ మీటింగ్‌కి లిస్టులో ఉన్న అందరికీ ఫోన్ చేసేశారు. ఆయన వచ్చాడు, బత్తాయిలు పట్టుకుని. అక్క పైన వరండాలోంచి చూసింది. ఆ తర్వాత ఎన్ని రోజులు అన్నం ముట్టలేదో, మాత్రలు కావాలని ఎంత గొడవ చేసిందో నేను రాయను. మేడమ్ మెట్ల దగ్గరే ఆయన్ని ఆపి పంపించేసింది, మాకు సారీ చెప్పింది, లిస్టు అక్క చేత్తో మళ్ళీ రాయించింది, అందులో నేనూ ఒక ఫ్రెండూ అంతే. బావ పేరు తర్వాత కలిపింది. ఇది వాళ్ళు దయతో చేయాల్సిన పని కాదు, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం తన తరపున ఎవరుండాలో పేషెంటే చెప్పొచ్చు, వివరాలు గోప్యంగా ఉంచడం కూడా హక్కే. ఆడవాళ్ళ వార్డు గురించి బోర్డు పెట్టుకున్న చోట ఈ ట్రైనింగ్ ఫోన్ ఎత్తే అమ్మాయికి కూడా ఉండాలి.

మిగతావి గబగబా. రూములు శుభ్రం. భోజనం ఇంటి టైపే, ఆదివారం గోంగూర మాంసం, అక్క మెచ్చుకుంది. ఆడవాళ్ళకి సెపరేట్ ఫ్లోర్, రాత్రి డ్యూటీలో ఆడ నర్సే, ఇది మాత్రం నేను వెళ్ళి చూసుకున్నా. బాత్రూమ్ గడియ లోపలి నుంచి పడదు, సేఫ్టీ కోసమంట, కానీ తలుపు కొట్టి వస్తారు. బిల్లు రోజుకి 2,500, మందులు వేరే, ఇన్సూరెన్స్ వాళ్ళు అలవాట్ల కేసు అని కొట్టేశారు. అంత పెట్టలేని వాళ్ళు గుంటూరు జీజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీకి వెళ్ళండి, రద్దీ ఉంటది గానీ డాక్టర్లుంటారు. ఎక్కడికీ వెళ్ళే ధైర్యం లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, ఫ్రీ, 24 గంటలు, తెలుగులో మాట్లాడతారు. అలవాట్లకి సెంట్రల్ హెల్ప్‌లైన్ 14446.

అక్క ఇప్పుడు బయటికొచ్చింది. సంక్రాంతికి చుట్టాలందరూ చేరిన చోట ఒకసారి జారింది, తెల్లారి తనే మేడమ్‌కి ఫోన్ చేసింది. ఇప్పుడు పండక్కి ఎక్కడికి వెళ్ళాలో తనే డిసైడ్ చేస్తది, అమ్మకి కోపంగానే ఉంది. మాత్రలు ఇంకా తగ్గిస్తున్నారు.

మీ ఇంట్లో ఆడవాళ్ళకోసం ఇలాంటి సెంటర్ వెతుకుతుంటే ఫోన్లోనే అడగండి, ఆడ కౌన్సిలర్ రోజూ ఉంటుందా వారానికోసారా, నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపుతారా మెల్లగానా, చిన్నప్పటి విషయాల మీద పనిచేసేవాళ్ళు ఉన్నారా లేక మందు మానిపించి పంపేస్తారా, మీటింగ్‌కి ఎవరిని పిలవాలో ఎవరు చెప్తారు. ఆఖరి దానికి "అందరూ రావాలండీ, ఫ్యామిలీ కదా" అంటే ఫోన్ పెట్టేయండి. ఈ సెంటర్‌కే వెళ్ళేట్టయితే సోమవారం వద్దు, హాలు నిండిపోయి ఉంటది, బుధవారం మధ్యాహ్నం వెళ్ళండి, ఫారం మేడమ్ గదిలోనే ఫిల్ చేస్తామని ముందే చెప్పండి, చెప్తే ఒప్పుకుంటున్నారు ఇప్పుడు.