పెన్సిల్ సెల్స్ కెమెరానా, సొంత బ్యాటరీ కెమెరానా? ఏది బతికించడం మేలు?

పెళ్లిళ్లలో, తిరుపతి ప్రయాణాల్లో తాడుతో చేతికి తగిలించుకుని తిరిగిన ఆ వెండిరంగు డిజిటల్ కెమెరాలు చాలా ఇళ్లలో ఇంకా బీరువా అడుగునే ఉన్నాయి. ఈమధ్య పిల్లలు వాటిని బయటికి తీసి "ఇది పనిచేస్తుందా?" అని అడుగుతున్నారు. కొన్ని ఇళ్లలో రెండేసి కూడా దొరుకుతాయి: నాన్న కొన్నదొకటి, అమెరికా నుంచి బాబాయి తెచ్చిందొకటి. రెండిటి మీదా డబ్బు పెట్టక్కర్లేదు. ఏ కంపెనీ, ఎన్ని మెగాపిక్సెల్స్ అన్న లెక్కలు కూడా ఇప్పుడు అనవసరం. కింద మూత తీసి, లోపల ఏ బ్యాటరీ పడుతుందో, ఏ కార్డు పడుతుందో చూడండి. సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

నా ఓటు ముందే చెప్పేస్తాను. చిన్న కెమెరాల్లో పెన్సిల్ సెల్స్‌తో నడిచేది, ఎస్‌డీ కార్డు తీసుకునేది ఉంటే దాన్నే పట్టుకోండి. ఉదాహరణకి 2008లో వచ్చిన కానన్ పవర్‌షాట్ ఏ590 ఐఎస్. రెండు పెన్సిల్ సెల్స్ చాలు. కాస్త లావుగా, మొరటుగా ఉంటుంది. దాని పక్కన 2007 నాటి సోనీ సైబర్‌షాట్ డబ్ల్యూ80 పెడితే అదే అందంగా కనిపిస్తుంది: పలచగా, జేబులో పట్టేలా. కానీ దానికి ఎన్‌పీ-బీజీ1 అనే సొంత బ్యాటరీ కావాలి, మెమరీ స్టిక్ డుయో అనే సొంత కార్డు కావాలి. ఆరోజు షాపులో అందం చూసి కొన్నాం, ఫర్వాలేదు. ఈరోజు లెక్క వేరు.

పెన్సిల్ సెల్స్ అన్నాను కదా అని టీవీ రిమోట్‌లోంచి తీసి వేయకండి. రిమోట్‌లో, గోడ గడియారంలో వేసేవి మామూలుగా చవక జింక్ కార్బన్ సెల్స్. కెమెరా ఆన్ చేయగానే మోటారు తిరిగి లెన్స్ బయటికి రావాలి, స్క్రీన్ వెలగాలి, ఫ్లాష్ ఛార్జ్ కావాలి. ఒక్కసారిగా అంత కరెంటు లాగేసరికి ఆ సెల్స్ చతికిలపడతాయి. లెన్స్ సగం దూరం వచ్చి ఆగుతుంది, బ్యాటరీ మార్చమని స్క్రీన్ మీద ఒక్క క్షణం మెరిసి అంతా ఆరిపోతుంది. మనం కెమెరానే పోయిందనుకుంటాం. రిపేరు షాపుకి తీసుకెళ్తే "అన్నా, సెల్స్ మంచివి వేసి చూశారా ముందు?" అని అడిగేది అందుకే.

పనిచేస్తుందో లేదో చూడ్డానికి కొత్త ఆల్కలైన్ సెల్స్ చాలు. తర్వాత కూడా వాడాలనుకుంటే మాత్రం రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్‌కి మారండి. వాటి మీద 1.2 వోల్టులని, ఆల్కలైన్ మీద 1.5 వోల్టులని రాసి ఉంటుంది కాబట్టి ఇవి బలహీనమనిపిస్తుంది. నిజానికి కెమెరా కరెంటు గట్టిగా లాగినప్పుడు ఆల్కలైన్ వోల్టేజీ జారిపోతుంది, ఇవి నిలబడతాయి. ఫొటోలు కూడా రెట్టింపుకి పైగానే వస్తాయి. పాతకాలపు రీఛార్జబుల్ సెల్స్ సొరుగులో పెడితే కొన్ని వారాల్లో వాటంతటవే ఖాళీ అయ్యేవి. 2005లో సాన్యో కంపెనీ ఎనెలూప్ తెచ్చాక ఆ బెడద తగ్గింది. ఇప్పుడు అలాంటి రకం చాలా కంపెనీలు అమ్ముతున్నాయి. నికాన్ కూల్‌పిక్స్ ఎల్ సిరీస్‌లో అయితే మెనూలో బ్యాటరీ రకం ఎంచుకోవాలి. ఆల్కలైన్ అని వదిలేస్తే నిండు సెల్స్‌ని కూడా ఖాళీ అంటుంది.

ఈ కెమెరాలకి అసలు శత్రువు మనం లోపలే మర్చిపోయిన ఆల్కలైన్ సెల్స్. ఏళ్లు గడిస్తే కారి, స్ప్రింగ్ మీద తెల్లగా, కొన్నిచోట్ల ఆకుపచ్చగా గట్టిపడిపోయి ఉంటుంది. అది క్షారం. చెవుల్లో తిప్పుకునే దూది పుల్లని నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో కొద్దిగా తడిపి రుద్దితే చిన్నగా బుసబుసమని వదులుతుంది. చుక్కలు లోపలికి కారకుండా కెమెరాని తలకిందులుగా పట్టుకోండి. తర్వాత స్పిరిట్‌తో తుడిచి బాగా ఆరనివ్వాలి. స్ప్రింగే తినేసి ఉంటే ఇక షాపు పని. ఇంకొకటి, కానన్ ఏ సిరీస్‌లో బ్యాటరీ మూతకుండే ప్లాస్టిక్ కొక్కెం విరగడం మామూలే. మూత చుట్టూ టేపు వేసి వాడేవాళ్లని చూశాను. చూడ్డానికి బాగుండదు గానీ పనిచేస్తుంది.

ఇప్పుడు సొంత బ్యాటరీ కెమెరా సంగతి. పదిహేనేళ్లు ఖాళీగా పడి ఉన్న లిథియం బ్యాటరీ మీద ఆశ పెట్టుకోకండి. ఛార్జర్‌లో పెడితే లైటు టకటకా కొట్టుకుంటుంది తప్ప ఎక్కదు. ఏవో వైర్లు తగిలించి దాన్ని లేపే వీడియోలు బోలెడు కనిపిస్తాయి, ఆ జోలికి వెళ్లొద్దు. ఉబ్బి లోపల ఇరుక్కుపోతే స్క్రూడ్రైవర్‌తో పొడవడం అసలే వద్దు. కొత్తది కొనడమే దారి. కంపెనీ బ్యాటరీ అంటూ ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మేవాటిలో నకిలీలు ఎక్కువ. వాటికంటే తన సొంత పేరుతో అమ్మే వేరే కంపెనీ బ్యాటరీయే నయం. ఒక వెసులుబాటు ఉంది: ఒకే ఆకారం బ్యాటరీని వేర్వేరు కంపెనీలు వేర్వేరు పేర్లతో వాడుకున్నాయి. నికాన్ ఈఎన్-ఈఎల్10, ఒలింపస్ ఎల్ఐ-42బీ, ఫుజీ ఎన్‌పీ-45 మూడూ దాదాపు ఒకటే. పానాసోనిక్ వాళ్లతో మాత్రం జాగ్రత్త. 2009లో కొన్ని మోడళ్లకి ఇచ్చిన ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తర్వాత ఆ కెమెరాలు బయటి బ్యాటరీలని ఒప్పుకోవడం మానేశాయి. బ్యాటరీ దొరికినా ఛార్జర్ ఎక్కడో పోయి ఉంటుంది, దానికి మళ్లీ ఖర్చు. ఇంతా పెట్టాక లెన్స్ ఇరుక్కుందని తెలిస్తే అదంతా దండగ. పెన్సిల్ సెల్స్ కెమెరాలో ఈ టెన్షన్ ఉండదు. కెమెరా చచ్చిపోయినా సెల్స్ ఇంట్లో ఇంకో పదింటికి పనికొస్తాయి.

కార్డు దగ్గరా ఇదే కథ, కాకపోతే ఎస్‌డీలోనే ఒక మెలిక ఉంది. మామూలు ఎస్‌డీ 2 జీబీ దాకా. 4 నుంచి 32 జీబీ వరకు ఉన్నది ఎస్‌డీహెచ్‌సీ, అది 2006లో వచ్చింది. అంతకు ముందు కెమెరాలు, ఉదాహరణకి 2005 నాటి పవర్‌షాట్ ఏ520, దాన్ని చదవవు. కార్డు పాడైందని చెబుతుంది, మనం కార్డు మార్చి మళ్లీ 16 జీబీదే తెస్తాం! వెతికి 2 జీబీ తెచ్చుకోవాలి. ఏ590కి ఆ బాధ లేదు. సోనీ మెమరీ స్టిక్ కోసం మైక్రో ఎస్‌డీ పెట్టుకునే అడాప్టర్లు దొరుకుతాయి కాబట్టి గండం గట్టెక్కుతుంది. అందరికంటే ఇబ్బంది ఒలింపస్, ఫుజీ వాళ్ల ఎక్స్‌డీ కార్డుతో. 2002లో మొదలుపెట్టి 2 జీబీ దగ్గర ఆగిపోయిన రకం అది. ఇప్పుడు పాతది పాతదిగానే, ఎక్కువ ధరకి కొనాలి. ఎక్స్‌డీతో పాటు సొంత బ్యాటరీ కూడా అయితే, అది మీ తాతగారి కెమెరా అయితే తప్ప, వదిలేయమనే అంటాను.

కొన్నిటికి ఏం చేసినా లాభం లేదు. 2002 నుంచి 2004 మధ్య సోనీ తయారుచేసిన కొన్ని సీసీడీ సెన్సార్లు (లెన్స్ వెనక ఫొటోని పట్టే చిప్పులు) వేడికి, గాలిలో తేమకి పాడయ్యేవి. 2005లో కానన్, నికాన్ సహా చాలా కంపెనీలు ఉచితంగా బాగుచేస్తామని ప్రకటించాల్సి వచ్చింది. వాటిలో పెన్సిల్ సెల్స్‌తో నడిచే పవర్‌షాట్ ఏ70 కూడా ఉంది. పాత ఫొటోలు స్క్రీన్ మీద చక్కగా కనిపిస్తూ, కొత్తగా తీసేది మాత్రం నల్లగానో, ఊదారంగు గీతలతో సాగిపోయినట్టో వస్తే అనుమానం సెన్సార్ మీదే. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో పెరిగిన కెమెరాలకి ఇది ఆశ్చర్యం కాదు. ఆ ఉచిత సేవలు ఎప్పుడో ముగిశాయి, డబ్బు పెట్టొద్దు. బీచ్ ఇసుక చేరి లెన్స్ ఇరుక్కున్నదానికీ రిపేరు ఖర్చు కంటే అదే మోడల్ ఇంకొకటి పాతది కొనడమే చవక. కోఠిలోనో, మరోచోటో పాత సరుకు కొనేటప్పుడు మీ సెల్స్, మీ కార్డు వెంట తీసుకెళ్లి, అక్కడే జూమ్ చేసి, ఫ్లాష్ కొట్టి చూడండి. ఇంట్లో విప్పి చూద్దామనుకోవద్దు. ఫ్లాష్ కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు నిలవ ఉంటుంది, బ్యాటరీ తీసేసినా షాక్ కొడుతుంది.

నా తీర్పుకి ఒక మినహాయింపు ఉంది: ఇంట్లో ఉన్న సొంత బ్యాటరీ కెమెరా, లెన్స్ మార్చుకునే పెద్ద డీఎస్ఎల్ఆర్ అయితే. నికాన్ డీ90 లాంటిది దొరికితే దాని ముందు ఏ590 నిలవదు. బ్యాటరీ ఈఎన్-ఈఎల్3ఈ ఇంకా దొరుకుతోంది, ఎస్‌డీ కార్డే వేస్తుంది, సెన్సార్ ఎన్నో రెట్లు పెద్దది.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకంటారా? రాత్రి లైట్ల వెలుగులో ఫోనే మేలు, అందులో వాదన లేదు. ఈ చిన్న కెమెరాల్లో ఐఎస్‌ఓ (వెలుగు తక్కువైనప్పుడు పెంచుకునే సెట్టింగ్) 400 దాటితే ఫొటో చుక్కచుక్కలుగా గరగరలాడుతుంది. కానీ వీటిలో ఉన్నది మెరుపులా ఒక్క క్షణం వెలిగే జెనాన్ ఫ్లాష్. సంగీత్‌లో గంతులేసే పిల్లల్ని గాల్లోనే ఆపి పట్టుకుంటుంది, ఫోన్‌లోని ఎల్ఈడీకి అది చేతకాదు.

ఓడిపోయిన కెమెరాని ఎవరికైనా ఇచ్చేసేముందు మాత్రం, బ్యాటరీ అరువు తెచ్చయినా ఒక్కసారి ఆన్ చేసి, కార్డు తీసేసి ప్లే బటన్ నొక్కండి. సోనీ, కొడాక్ చిన్న కెమెరాల్లో చాలావాటికి లోపలే కొద్దిపాటి మెమరీ ఉండేది. కార్డు పెట్టడం మర్చిపోయి తీసిన ఫొటోలు అందులో ఉండిపోయి ఉండొచ్చు. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కి ఎక్కించుకున్నాక అప్పుడు ఇచ్చేయండి. ఉబ్బిన బ్యాటరీని మాత్రం చెత్తబండిలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.