సింఫనిక్ మెటల్ కచేరీలు: టేపు మీది ఆర్కెస్ట్రాకి డబ్బు పెట్టొచ్చా?

సింఫనిక్ మెటల్ అంటే గిటార్ మోతకి ఆర్కెస్ట్రా, కోరస్ కలిపిన రాక్ సంగీతం. ఆ కచేరీకి టికెట్ కొనే ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి: ఆర్కెస్ట్రా రాదు. వేదిక మీద గాయని, గిటార్లు, బేస్, డ్రమ్స్, కీబోర్డ్, అంతే. మహా అయితే ఆరుగురు. వెనక వినిపించే వయొలిన్లు, బాకాలు, లాటిన్‌లో సాగే కోరస్ అన్నీ ముందే స్టూడియోలో రికార్డు చేసి కంప్యూటర్ నుంచి వదిలేవే. ఫిన్లాండ్ బృందం నైట్‌విష్ వాళ్లు 2007లో వచ్చిన ఆల్బమ్ కోసం లండన్ అబ్బీ రోడ్ స్టూడియోలో పెద్ద వాద్యబృందాన్ని కూర్చోబెట్టారు. అంతమందిని బస్సులెక్కించి ఊరూరా తిప్పితే టికెట్ ఎవరూ కొనలేరు కనుక పర్యటనల్లో టేపే గతి. "అంత డబ్బు పోసి టేపు వినడానికా వెళ్లేది?" అన్నారు మా ఆయన. ఏళ్ల తరబడి వెళ్తున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను: వెళ్లొచ్చు, కానీ హాలు చూసుకుని.

ఉద్యోగం రీత్యా నేనుండేది నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో. ఇక్కడ మనవాళ్లకి కొదవ లేదు. ఉగాదికి హాలు నిండిపోతుంది, మెటల్ కచేరీకి తోడు రమ్మంటే మాత్రం ఒక్కరూ కదలరు. విచిత్రం ఏమిటంటే ఈ సంగీతానికి ఫిన్లాండ్ ఒక పుట్టిల్లయితే ఈ చిన్న దేశం ఇంకొకటి. విథిన్ టెంప్టేషన్, ఎపికా అనే బృందాలు ఇక్కడివే. ఇప్పుడు నైట్‌విష్‌లో పాడే ఫ్లోర్ యాన్సెన్ పుట్టింది మాకు దగ్గర్లోని టిల్‌బర్గ్ పక్కనే ఉన్న హోర్లె అనే ఊళ్లో. ఇళయరాజా తీగవాద్యాలు, కీరవాణి కోరస్‌లు వింటూ పెరిగిన చెవికి ఇందులో కొత్తగా అలవాటు చేసుకోవాల్సింది గిటార్ మోత ఒక్కటే.

టేపు అనగానే మొత్తం పెదవులాడించడమే అనుకోకండి. డ్రమ్మర్ చెవిలో తాళం చూపే క్లిక్ మోగుతూ ఉంటుంది, టేపు దానికే కట్టుబడి నడుస్తుంది, మిగతావాళ్లందరూ డ్రమ్మర్‌ని పట్టుకుని వెళ్తారు. అందుకే ఈ కచేరీల్లో పాట మధ్యలో మనోధర్మం అంటూ పెద్దగా ఉండదు. ఉన్న పాటని ఉన్నట్టే, ఉన్న వేగంలోనే వాయించాలి. కర్ణాటక సంగీతం నేర్చుకున్న నాకు మొదట్లో ఇది లోటుగానే అనిపించింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. దానికి బదులు దొరికేది గొంతు. టేపు సాయం ఎంత ఉన్నా, పది నిమిషాల పాట చివర గాయని పై స్థాయిలో నిలబడి స్వరం పట్టిన క్షణంలో హాల్లో ఎవరి చేతిలోనూ గ్లాసు కదలదు. 2012లో పర్యటన మధ్యలో నైట్‌విష్ గాయని వెళ్లిపోతే ఫ్లోర్ ఉన్నపళంగా వచ్చి చేరింది. మరుసటి ఏడాది జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో ఆమె పాడిన 'ఘోస్ట్ లవ్ స్కోర్' పాట వీడియో చూసే నాలాంటివాళ్లు చాలామంది ఇటు వచ్చారు. ఎదురుగా విన్నాక ఒకటి అర్థమైంది. ఆ వీడియోలో ఆమె గొంతు బలం తెలుస్తుంది గానీ, మెల్లగా పాడినప్పుడు ఎంత అదుపుంటుందో తెలియదు.

ఇక హాళ్లు. టిల్‌బర్గ్‌లోని 013 అనే హాలు నాకు అన్నిటికన్నా ఇష్టం. 2015లో పెద్ద హాలుని విస్తరించాక మూడు వేల మంది పడతారు. అయినా వెనక నిలబడ్డా వేదిక దగ్గరగానే ఉన్నట్టుంటుంది, మెట్లుమెట్లుగా ఎత్తు పెరుగుతుంది. ఐదడుగుల పైన కాస్తే ఉన్న నాకు ఈ మెట్లే ప్రాణం. డచ్చివాళ్లు ప్రపంచంలోనే పొడుగైన జనం, కింద నిలబడితే తాటితోపులో తప్పిపోయినట్టే. సౌండ్ ఇంజనీర్ కూర్చునే మిక్సింగ్ బల్ల ఎక్కడుందో చూసి, దాని ముందో పక్కనో నిలబడండి. ఆయన తన చెవికి సరిపోయేలా కలుపుతాడు, మనకీ అదే వినిపిస్తుంది. వేదికకి ఆనుకుని నిలబడితే గాయని కళ్లు కనిపిస్తాయి కానీ డ్రమ్స్, గిటార్ ఆంప్‌ల మోతే చెవిలో పడుతుంది, కోరస్ ఎక్కడికో పోతుంది. ముందు వరుస కోసం చలిలో సాయంత్రమంతా క్యూలో నిలబడే పిల్లల్ని చూస్తే నాకు జాలేస్తుంది. వాళ్లకి నన్ను చూస్తే వేస్తుందేమో.

ఆమ్‌స్టర్‌డామ్ పారడీసో ఇంకో రకం. పాత చర్చిని కచేరీ హాలుగా మార్చారు, ఎత్తైన పైకప్పు. కోరస్ ఉన్న పాటలు అక్కడ సొంత ఊరికి వచ్చినట్టు మోగుతాయి. రెండు కాళ్లతో వేగంగా డబుల్ బేస్ డ్రమ్ కొట్టే పాటలైతే ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతాయి.

అరీనాల సంగతి వేరు. విథిన్ టెంప్టేషన్, అమెరికన్ బృందం ఎవనెసెన్స్ ఉమ్మడి పర్యటనకి 2020లో జరగాల్సిన కచేరీలు కరోనా వల్ల వాయిదాల మీద వాయిదాలు పడి 2022 చివరికి జరిగాయి. మంటలు, పెద్ద తెరలు, దీపాలు, కళ్లకి పండగే. కానీ పదిహేను వేల మంది పట్టే చోట్ల మొత్తం మీద నా అనుభవం పేలవం. ఒక చోటైతే పై వరుసలో కూర్చుంటే బేస్ మోత గోడకి తగిలి రెండోసారి వినిపించేది. దానికి టిల్‌బర్గ్ టికెట్‌కి రెట్టింపు పెట్టాను.

మరి నిజం ఆర్కెస్ట్రాతో చేసే కచేరీలు? అవి అరుదు, ఆ కారణంగానే అభిమానుల్లో పెద్ద పేరు. విథిన్ టెంప్టేషన్ 2008 ఫిబ్రవరిలో రోటర్‌డామ్ అహోయ్‌లో మెట్రోపోల్ ఆర్కెస్ట్రాతో చేసింది. ఎపికా పదేళ్ల పండగని 2013 మార్చిలో మా ఊళ్లోనే, ఒకప్పటి ఫిలిప్స్ ఫ్యాక్టరీ భవనం క్లోక్‌హెబౌలో, హంగరీ నుంచి వచ్చిన వాద్యకారులతో చేసుకుంది. అప్పటికి నేనీ దేశానికి రాలేదు, డీవీడీతోనే సరిపెట్టుకున్నాను. ఆ తర్వాత ఇలాంటివి ఎదురుగా విన్నాను. చెప్తే అభిమానులు కొట్టడానికి వస్తారు గానీ, ఒకటి రెండు చోట్ల టేపే నయం అనిపించింది.

కారణం సులువే. వయొలిన్ దగ్గర మైకు పెడితే పక్కనున్న డ్రమ్స్ మోత కూడా అందులోకి దూరుతుంది. వయొలిన్ పెంచితే డ్రమ్స్ కూడా పెరుగుతాయి. అందుకే డ్రమ్స్ చుట్టూ పారదర్శకమైన అడ్డుగోడ కడతారు, ప్రతి వయొలిన్‌కీ చిన్న మైకు తగిలిస్తారు. అయినా కిందిస్థాయి గిటార్లు చెల్లోలని (వయొలిన్ జాతిలో పెద్దవి) మింగేస్తాయి, మధ్యస్థాయి గిటార్లు వయోలాలని (వయొలిన్ కంటే కాస్త పెద్దవి) మింగేస్తాయి. స్టూడియోలో ఇవన్నీ విడివిడిగా రికార్డయి ఉంటాయి కాబట్టి టేపులో ఈ బాధ లేదు. యాభై మంది విల్లులు ఆడిస్తూ కనిపిస్తారు, వినిపించేది పదిమంది. అలాంటి ఒక కచేరీకి, కూర్చునే సీట్లు ఉన్నాయి కదా అని, వేసవికి వచ్చిన మా అమ్మని తీసుకెళ్లాను. అమ్మ వీణ నేర్చుకున్న మనిషి. ఓపిగ్గా విని, విరామంలో, "ఆ అమ్మాయి శ్రుతి తప్పలేదే, బాగా పాడుతోంది. మధ్యమధ్యలో ఆయనెందుకే అలా ఉరుముతాడు?" అంది. అలా గొంతుతో గర్జిస్తూ పాడడం కూడా ఒక విద్యేనమ్మా అని చెప్పాను, నమ్మలేదు. కాసేపాగి, "ఇంతమంది వాయిస్తున్నారు, నాకు ఒక్కళ్లూ వినపడట్లేదేం?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అదే నిజం ఆర్కెస్ట్రా నెమ్మది పాటల్లో మాత్రం పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. గిటార్లు ఆగి, ఒక్క చెల్లో మీద ఎపికా గాయని సిమోన్ సైమన్స్ పాడుతుంటే ఏ టేపూ సాటి రాదు. ఎపికాలో నాకు నచ్చేదీ అదే, ఆమె తన మెజో (మధ్యస్థాయి) గొంతుని అరుపుల్లోకి లాగదు, పక్కన గిటారిస్టు మార్క్ యాన్సెన్ ఉరుముతున్నా తన దారిన తాను పాడుకుపోతుంది.

జనం గురించి భయపడక్కర్లేదు. నల్ల దుస్తులు, పచ్చబొట్లు చూసి కంగారు పడతారు గానీ తగిలితే క్షమించమనే జనం. అరవై ఏళ్ల దంపతులు, కూతుర్ని తెచ్చిన నాన్నలు, వెల్వెట్ గౌనులు. ఒంటరి ఆడదానిగా నాకు ఏ ఇబ్బందీ కలగలేదు, తెలుగు సినిమా మొదటి రోజు ఆటకంటే నిశ్చింతగా ఉన్నాను. ఒక్క జాగ్రత్త: ఎపికా చివర్లో 'కన్‌సైన్ టు ఆబ్లివియన్' పాట మొదలుపెడితే మధ్యలో జనం రెండుగా చీలి, సైగ రాగానే ఒకరి మీదకి ఒకరు పరుగెత్తుతారు. ఆ సమయానికి పక్కకి జరగండి. సరదాగానే ఉంటుంది, పక్కనుంచి.

చెవుల మాట తప్పక చెప్పాలి. ఇక్కడి హాళ్ల మధ్య ఒప్పందం ప్రకారం పదిహేను నిమిషాల సగటు 103 డెసిబెల్స్ దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించిన హద్దు 100. మూడే కదా అనుకోవద్దు, మూడు పెరిగితే ధ్వని శక్తి రెట్టింపు. సంగీతం కోసమే చేసిన వడపోత ఇయర్‌ప్లగ్‌లు మందుల షాపులో కూడా దొరుకుతాయి. నురుగు ప్లగ్‌లు పై స్వరాలని మూసేస్తాయి, పాట దుప్పటి కప్పుకుని విన్నట్టుంటుంది. వడపోతవి పెట్టుకుంటే మోత తగ్గి కోరస్‌లో మాటలు ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి.

వీఐపీ టికెట్ వద్దు. వందకి పైగా యూరోలు తీసుకుని అరనిమిషం ఫోటో, మెడలో వేసుకునే కార్డు ఇస్తారు. ఆ డబ్బుతో ఇంకో రెండు కచేరీలు చూడొచ్చు. శాకాహారులకి లోపల దొరికేది బంగాళాదుంప ఫ్రైస్, తినే వెళ్లండి. కార్యక్రమం చెప్పిన వేళకే మొదలై పదకొండుకి ముందే ముగుస్తుంది, టిల్‌బర్గ్ నుంచైతే రైలు దొరుకుతుంది.

నైట్‌విష్ 2024 ఆల్బమ్‌కి పర్యటన ఉండదని ముందే ప్రకటించింది, వాళ్ల కోసం ఆగితే ఎప్పటికో. ఎపికా 2025లో కొత్త ఆల్బమ్ తెచ్చింది, ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు వాళ్లతో, మూడు వేలు మించని హాల్లో, నిలబడే టికెట్‌తో మొదలుపెట్టండి. ఆర్కెస్ట్రాతో ప్రత్యేక కచేరీ అని పోస్టర్ పడితే నేను ఇకమీదట రెండే చూస్తాను: హాలు శాస్త్రీయ సంగీతం కోసం కట్టిందా, పాటల్లో నెమ్మదివి ఎన్ని.